పోయిన పేక తిరిగొస్తది

మా బడిలో ఒక పాత ల్యాప్‌టాప్ ఉంది. బ్యాటరీ ఎప్పుడో పోయింది, వైరు పెట్టి ఉంచితేనే నడుస్తుంది. రెండేళ్ల కిందట ఓ శనివారం సాయంత్రం దాని ముందు తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె ఏడుపొక్కటే తక్కువగా కూర్చుని ఉంది. తెర మీద చిలుక రావాలి. రాలేదు. ఒక వరసలో ముక్కు ఎడమవైపు ఉంది, కింది వరసలో కుడివైపుకు పోయింది, దాని కింద మళ్లీ ఎడమవైపు. చిలుక బొమ్మను సన్నటి పీలికలుగా కత్తిరించి, పీలిక విడిచి పీలికను తిరగేసి అతికించినట్టుంది.

ఆ పిల్లది చేనేత ఇల్లు. చౌటుప్పల్ దాటి లోపలికి వెళ్తే మా చుట్టుపక్కల ఊళ్లలో ఇంకా మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి. పోచంపల్లి పేరు అందరికీ తెలుసు, 2005లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పుట్టపాకలో నేసే తేలియా రుమాలు అనే బట్ట గురించి తెలిసినవాళ్లు తక్కువ. రెంటిలోనూ కిటుకు ఒకటే. బట్ట నేశాక దాని మీద బొమ్మ అద్దరు. నూలు మీదే ముందుగా లెక్క ప్రకారం రంగు ఎక్కిస్తారు. రంగు అంటకూడని చోట సైకిల్ ట్యూబు రబ్బరు పీలికతో బిగించి కట్టి రంగులో ముంచుతారు. ఇక్కడివాళ్లు దీన్ని చిటికి కట్టడం అంటారు. విడి పోగును పట్టుకుని చూస్తే తెలుపు, ఎరుపు, నలుపు మచ్చలు తప్ప ఏమీ కనబడదు. మగ్గమెక్కి పోగు పక్కన పోగు చేరుతుంటే ఆ మచ్చలే ఏనుగవుతాయి, చిలుకవుతాయి. పాత తేలియా రుమాళ్ల మీదైతే విమానాలు, గడియారాలు కూడా నేశారు.

ఆ అమ్మాయి కంప్యూటర్లో చేయాలనుకున్నది అదే. స్క్రాచ్ అని పిల్లల కోసం ఎంఐటీ వాళ్లు 2007లో బయటికి తెచ్చిన ప్రోగ్రామింగ్ భాష ఉంది, పైసా ఖర్చు లేదు. గ్రాఫు కాగితం మీద చిలుకను గీసి, గడి గడికీ రంగు రాసుకుని, అంతా కలిపి ఒకే పొడవాటి పోగులాగా జాబితా చేసింది. ఆ పోగును ప్రోగ్రాం తెర మీద నేయాలి. ఎడమ నుంచి కుడికి వెళ్లి, అంచు దగ్గర తిరిగి, కుడి నుంచి ఎడమకు రావాలి. మగ్గం మీద నాడె తిరిగేది అట్లాగే కదా. అది సరిగ్గానే రాసింది. నేను గంటసేపు చూశాను, తప్పు ఎక్కడుందో దొరకలేదు. ప్రోగ్రాంలో తప్పు లేదు మరి.

సోమవారం వచ్చి చెప్పింది. తెరను ఫోన్లో ఫొటో తీసి వాళ్లమ్మకు చూపించిందట. ఆమె చిటికి కడుతూ, చేతిలో పని ఆపకుండానే ఒక్కసారి చూసి అన్నదట: "నువ్వు పుస్తకం సదివినట్టు లెక్కపెట్టినవ్ బిడ్డా. పోయిన పేక తిరిగొస్తది. తిరిగొచ్చేటప్పుడు ఎన్కకు లెక్కపెట్టాలె."

అంతే. పేక అంటే మగ్గం మీద అడ్డంగా పోయే పోగు. గ్రాఫు మీద ప్రతి వరసనూ ఎడమ నుంచి కుడికి రాసుకుంది, మనం చదివే తీరులో. పోగు అట్లా పోదు. వరస విడిచి వరసను వెనక నుంచి రాసుకోగానే చిలుక నిలబడింది. ఆ రోజు ఆ పిల్ల ముఖం చూసిన తర్వాత, ప్రతిభగల విద్యార్థి అన్న మాటను నేను వాడే పద్ధతి మారిపోయింది.

ఆమె క్లాసులో ఫస్టు కాదు, సెకండూ కాదు. పది, పన్నెండు ర్యాంకుల మధ్య ఉండేది. టాలెంట్ టెస్టులకు మేము పంపే జాబితాలో ఆమె పేరు ఎప్పుడూ లేదు. జాబితా రాసేది నేనే. నల్లగొండలోనైనా పాలమూరులోనైనా తెలివైన పిల్లలంటే మాకు ఒకటే కొలత: మార్కులు. ఆరో తరగతిలోనే వాళ్లను ఏరి పక్కన కూర్చోబెట్టి, ఫౌండేషన్ మెటీరియల్ చేతిలో పెట్టి, ఆటల పీరియడు, డ్రాయింగు పీరియడు తీసేసి లెక్కలు చేయిస్తాం. నేనూ చేయించాను. మంచి మనసుతోనే చేయించాను. కానీ ఇప్పుడు నమ్ముతున్నది గట్టిగానే చెప్తాను: మేము వరస తప్పు పెట్టుకున్నాం. ముందు ప్రతిభను గుర్తించి తర్వాత మంచి పని ఇస్తున్నాం. ముందు పని ఇవ్వాలి. నెలల తరబడి తేలని, చేయీ బుద్ధీ రెండూ పెట్టాల్సిన పని అందరికీ ఇవ్వాలి. ఎవరు దాన్ని వదలకుండా పట్టుకున్నారో అప్పుడు చూడాలి. ప్రతిభ కనబడేది అక్కడ.

ఇది నేను కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. అమెరికాలో జోసెఫ్ రెంజుల్లి అనే విద్యావేత్త 1978లోనే చెప్పాడు. సగటు కంటే మెరుగైన సామర్థ్యం, సృజన, పట్టుకున్న పనిని విడవనితనం, ఈ మూడూ కలిసిన చోటే ప్రతిభ అన్నాడు. మన పరీక్ష మొదటిదాన్ని కొంతవరకు కొలుస్తుంది. మిగతా రెంటి జోలికి పోదు.

అంత దూరం ఎందుకు, ఆలేరు పక్కన శారాజీపేట ఉంది. చింతకింది మల్లేశం చిన్నప్పుడే బడి మానేయాల్సి వచ్చిన మనిషి. వాళ్లమ్మ ఆసు పోసేది. అర్ధచంద్రం ఆకారంలో ఉన్న మేకుల చుట్టూ పోగును చేత్తో అటూ ఇటూ తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు చేయి సుమారు 9,000 సార్లు అలా తిరగాలి. భుజం పట్టేస్తుంది. ఆ నొప్పి చూడలేక ఆయన ఏళ్ల తరబడి చెక్కలతో, మోటార్లతో కుస్తీ పట్టి, 1999 నాటికి ఆసు యంత్రాన్ని నిలబెట్టాడు. తల్లి పేరే పెట్టి లక్ష్మీ ఆసు యంత్రం అన్నాడు. నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చింది. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. ఏ సభలో ఆయన పేరు ఎత్తినా పిల్లలు చప్పట్లు కొడతారు, నేనూ కొడతాను. కానీ అలాంటి కుర్రాడు ఇప్పుడు నా తొమ్మిదో తరగతిలో కూర్చుని ఉంటే, వాడికి ఏళ్ల తరబడి ఒకే పని మీద కూర్చునే వెసులుబాటు నేను ఇస్తానా? యూనిట్ టెస్టుకు చదవరా అంటాను. ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు.

చిలుక సంగతికి వస్తాను. ఆ ఏడు దాన్ని వైజ్ఞానిక ప్రదర్శనకు తీసుకెళ్లాం. ఎక్కడ, ఏ స్థాయిలో అన్నది ఇక్కడ వద్దు. అమ్మాయి బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టింది, పక్కన గ్రాఫు కాగితాలు, వాళ్లమ్మ చిటికి కట్టిచ్చిన నూలు చిలప. చూడ్డానికి వచ్చిన న్యాయనిర్ణేత మర్యాదగానే మాట్లాడాడు. "బాగుందమ్మా, కానీ ఇది డ్రాయింగ్ కదా, ఇందులో సైన్స్ ఏది?" అన్నాడు. ఆమె పేక తిరిగొచ్చే లెక్క చెప్పబోయింది. ఆయన అప్పటికే పక్క బల్లకు వెళ్లాడు. అక్కడ సిరంజీలతో పైకీ కిందికీ ఊగే జేసీబీ ఉంది, అలాంటిది ఆ హాల్లో ఇంకా రెండు ఉన్నాయి. సరే, కళల పోటీకి పెడదామని అడిగితే, చేత్తో వేసిన బొమ్మలే తీసుకుంటాం, కంప్యూటర్లో చేసినవి వద్దన్నారు. రెంటికీ చెడ్డ రేవడి అయింది. తిరుగు బస్సులో ఆ పిల్ల అడిగింది: "సార్, మరి మా అమ్మ చేసేది ఏంది? సైన్సా, డ్రాయింగా?"

ఏం చెప్పాలి? మన పెద్దలు అరవై నాలుగు కళలు అని లెక్కపెట్టినప్పుడు పాట, నాట్యం పక్కనే వడ్రంగం, ఇల్లు కట్టే విద్య కూడా చేర్చారు. విడదీయలేదు. మా ఊళ్లలో కొన్ని మగ్గాల మీద జకార్డు పెట్టె ఉంటుంది, చిల్లులు పొడిచిన అట్టముక్కలు వరసగా తిరుగుతుంటాయి. చిల్లు ఉన్నచోట ఒక పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. ఫ్రాన్సులో జకార్డ్ అనే ఆయన 1804లో దీన్ని తెచ్చాడు. తొలినాటి కంప్యూటర్లకు లెక్కలు అందించిన చిల్లుల కార్డులు ఈ అట్టల నుంచి పుట్టినవే. అంటే మగ్గం దగ్గరి నుంచి కంప్యూటర్ దాకా ఒక తోవ ఉంది. ఆ తోవ మా పిల్లల ఇంటి ముందు నుంచే పోతోంది. సైన్స్ ప్రదర్శన ఒక గదిలో, కళల పోటీ ఇంకో గదిలో పెట్టి మధ్యలో గోడ కట్టింది మనమే.

ఇంకొక పిల్లవాడి సంగతి. ఎనిమిదో తరగతి. మార్కులు నలభై దాటితే గొప్ప. నల్లగొండ పక్కనే పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి పిల్లలను తీసుకెళ్లాం. కుందూరు చోడుల కాలపు గుడి. అందులో గర్భగుడిలో లింగం వెనక ఒక నీడ పడుతుంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కదలదు. ఎండ మారుతుంది, నీడ మారదు. అందరూ దండం పెట్టుకుని ఫొటోలు తీసుకుని బయటికి వచ్చారు. వీడు రాలేదు. స్తంభం పక్కన నిలబడి చేయి అడ్డం పెట్టి చూస్తున్నాడు. మరుసటి ఆదివారం సైకిలేసుకుని మళ్లీ వెళ్లాడని తర్వాత తెలిసింది.

పదిహేను రోజుల తర్వాత ఒక చెప్పుల అట్టపెట్టె తెచ్చాడు. లోపల స్తంభాలకు సుద్దముక్కలు. ఒక్కొక్క సుద్దముక్క మీద డివైడరు మొనతో గుండ్రటి మెట్లు, పూసల వరస చెక్కాడు. ఎందుకురా ఇంత కష్టం, నీడకు నున్నటి ముక్క చాలు కదా అంటే, "గుడి లెక్క ఉండాలె గద సార్" అన్నాడు. మొదట టార్చిలైటు ఒక పక్క నుంచి వేశాడు. టార్చి కుడికి జరిపితే నీడ ఎడమకు జరిగింది. మూడు రోజులు అదే తంటా. తర్వాత పెట్టెకు అటొకటి ఇటొకటి కంతలు కోసి, వాటికి ట్రేసింగ్ పేపరు అంటించి, బయట టార్చిని తిప్పాడు. లోపల గోడ మీద మధ్యలో నల్లటి పట్టీ. టార్చిని ఎటు తిప్పినా వెలుగు ఎక్కువా తక్కువా అవుతోంది కానీ పట్టీ అక్కడే ఉంది. "సూర్యుడు కదులుతడు గానీ తలుపు కదలదు గద సార్" అన్నాడు. బయటి వెలుగు కంతల దగ్గర చెదిరిపోయి, ఆ కంతలే దీపాల్లా పనిచేస్తున్నాయని వాడికి అర్థమైంది. గుడిలో జరిగేదంతా ఇదేనని నేననను, అక్కడ నాలుగు దిక్కులా రాళ్లు, స్తంభాలు, మలుపులు ఉన్నాయి. కానీ కాంతి పాఠం పదేళ్లు చెప్పిన నాకు, వెలుగు చెదరడం గురించి ఇంత తేటగా చెప్పిన పిల్లవాడు తగల్లేదు. ఖర్చు ట్రేసింగ్ పేపరుకు పది రూపాయలు.

డబ్బు మాట వచ్చింది కాబట్టి. పథకాలు లేవని కాదు. ఇన్‌స్పైర్ మనక్ కింద బడికి ఐదు ఆలోచనలు పంపొచ్చు, ఎంపికైతే పిల్లల ఖాతాలో 10,000 రూపాయలు పడతాయి. మంచి పథకం. కానీ చాలా బళ్లలో జరిగేదేంటంటే, ఆఖరి తేదీ ముందు రోజు సార్లు కూర్చుని యూట్యూబ్ చూసి ఐదు ఆలోచనలు రాసి పంపుతారు. పిల్లవాడికి తన ప్రాజెక్టు పేరు కూడా సరిగ్గా తెలియదు. అటల్ టింకరింగ్ ల్యాబులు 2016 నుంచి వచ్చాయి, ఒక్కో బడికి 20 లక్షల దాకా ఇస్తారు. నేను చూసిన ఒక ల్యాబులో త్రీడీ ప్రింటరు ప్లాస్టిక్ కవరు కింద భద్రంగా ఉంది. తాళం హెడ్మాస్టరు దగ్గర. ఏదన్నా పాడైతే ఆడిట్లో నేను జవాబు చెప్పాలి సార్ అన్నాడు ఆ సైన్స్ మాస్టారు. ఆయన్ని తప్పుపట్టను. పాడైతే ఫరవాలేదని పైనుంచి ఎవరూ ఆయనకు చెప్పలేదు. పాడుచేసే హక్కు లేని ల్యాబులో పిల్లలు ఏం నేర్చుకుంటారు?

టెక్నాలజీ అంటే రోబోనే అనుకోవడం ఇంకో జబ్బు. ఫ్లోరైడ్ నీళ్లతో మనుషులు వంకర్లు పోయిన ఉమ్మడి నల్లగొండ జిల్లా మాది. ఆ నీళ్లను బాగుచేయడానికి నాగపూర్ నీరి సంస్థ వాళ్లు పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో తేల్చిన పద్ధతికి ప్రపంచమంతా నల్లగొండ టెక్నిక్ అనే పేరు. కలపాలి, తేరనివ్వాలి, పైనీళ్లు వంచుకోవాలి. రెండు బకెట్లుంటే చాలు. మా పిల్లలు ఏటా ఫ్లోరైడ్ మీద పోస్టరు వేస్తారు, వంకర కాళ్ల బొమ్మ గీస్తారు. ఆ బకెట్లను మాత్రం ఎవరూ ముట్టించరు.

పాలమూరు వైపు పనిచేసే నా స్నేహితుడొకాయన కిన్నెరతో మొదలుపెట్టాడు. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్యకు 2022లో, బుర్రవీణ వాయించే దాసరి కొండప్పకు 2024లో పద్మశ్రీ వచ్చాక, ఆ వాద్యాలంటే పిల్లలకు కొంచెం గురి కుదిరిందట. ఎండిన సొరకాయ బుర్రలు, వెదురు బొంగు, తీగ తెచ్చి పిల్లలే కట్టారు. తీగను సరిగ్గా సగం దగ్గర నొక్కితే అదే స్వరం పై స్థాయిలో పలుకుతుంది, మూడింట రెండు వంతుల తీగ మోగేలా నొక్కితే పంచమం. మెట్టు ఎక్కడ అతికించాలో చెవితో ఒకసారి, స్కేలుతో ఒకసారి వెతికారు. స్కేలు గెలిచిందా చెవి గెలిచిందా అని రెండు జట్లు వారం రోజులు కొట్లాడుకున్నాయట. భిన్నాలంటే పారిపోయే పిల్లలు.

ఇప్పుడు నాకు ఎదురైన గట్టి మాట చెప్పాలి. చిలుక అమ్మాయి పదో తరగతికి వచ్చాక వాళ్ల నాన్న బడికి వచ్చాడు. కోపంగా లేడు. "సార్, మా తాత నేసిండు, నాయిన నేసిండు, నేను నేస్తున్న. పిల్లను బడికి తోలింది మగ్గం తప్పించనీకే. మీరు మళ్ల మగ్గం ముంగటనే కూసోబెడుతున్నరు" అన్నాడు. నాకు వెంటనే జవాబు రాలేదు. ఆయన చెప్పింది నిజం. చేనేత గొప్పదని సభల్లో చెప్పడం వేరు, నెలంతా నేసి చేతికొచ్చిన డబ్బులతో ఇల్లు నడపడం వేరు. పల్లెటూరి పిల్లల చేతివృత్తిని ముచ్చటగా చూపించి, వాళ్లను అక్కడే ఉంచి, పట్నం పిల్లలకు మాత్రం కోడింగ్ నేర్పే మోసం ఒకటుంది. నేను ఆ పని చేస్తున్నానా అని చాలా రోజులు మథనపడ్డాను.

ఇప్పటికీ నా జవాబు ఇదే. ఆ పిల్ల నేతగత్తె కావాలని నేను కోరుకోలేదు. ఆమె ఇంట్లో ఉన్నది చదువే అని ఆమెకు తెలియాలనుకున్నాను. తెలియకపోతే, బయటికి వెళ్లిన ప్రతిచోటా తన దగ్గర ఏమీ లేదనుకునే వెళ్తుంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసినా సరే, ఇంజనీరైనా సరే, వాళ్లమ్మ ఒక్క చూపుతో తప్పు పట్టుకున్న సంగతి ఆమెకు గుర్తుండాలి. ఆయనతో ఇదంతా చెప్పలేదు. పదో తరగతి చదువుకు అడ్డం రానివ్వనని మాట ఇచ్చాను, నిలబెట్టుకున్నాను. జనవరి నుంచి ల్యాప్‌టాప్ ముట్టలేదు.

మా దగ్గరే దీనికి ఒక పాత పునాది ఉంది. పుట్టపాక ఉన్న మండలంలోనే సర్వేల్ ఉంది. 1971లో, పీవీ నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, రాష్ట్రంలో మొదటి గురుకులం అక్కడ పెట్టారు. పల్లెల్లోని పేదింటి చురుకైన పిల్లలకు పట్నం బడి కంటే మంచి బడి ఇవ్వాలన్నది ఆలోచన. దానికి నేను చేతులెత్తి మొక్కుతాను. ఆ తర్వాత వచ్చిన గురుకులాలన్నీ ఆ దారిలోవే. కానీ వాటి తలుపు దగ్గర ఉన్నది ప్రవేశ పరీక్ష. సుద్దముక్కలు చెక్కిన వాడు ఆ తలుపు దాటలేడు. జాతీయ విద్యా విధానం 2020లో కూడా ప్రతిభగల పిల్లల కోసం ప్రాజెక్టులతో నడిచే క్లబ్బులు బడి స్థాయిలో, జిల్లా స్థాయిలో పెట్టాలని రాశారు. మా దాకా వచ్చేసరికి అది ఒక రిజిస్టరు అయింది. క్లబ్బు పేరు, సభ్యుల సంఖ్య, ఫొటో.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. ఆరో తరగతి నుంచి తొమ్మిదో తరగతి దాకా వారానికి ఒక మధ్యాహ్నం విడవండి, దానికి పరీక్ష పెట్టకండి. ఊళ్లో మగ్గం మీద కూర్చునే అమ్మను, వడ్రంగిని, డప్పు కట్టేవాళ్లను పిలవండి, వాళ్లకు గెస్ట్ లెక్చరర్‌కు ఇచ్చినట్టే డబ్బులివ్వండి, శాలువా కప్పి పంపకండి. పిల్లలు ఏది చేసినా ఒక నోట్‌బుక్ రాయించండి, పనిచేయని రోజుల సంగతి అందులో తప్పకుండా ఉండాలి. నేను ఇప్పుడు మార్కుల రిజిస్టరు కంటే ముందు చూసేది ఆ నోట్‌బుక్కులే. ఎవరు మళ్లీ వచ్చారు, ఎవరు నాలుగోసారి వచ్చారు అన్నది అందులో కనబడుతుంది. ప్రదర్శన పెడితే ముందు ఊళ్లోనే పెట్టండి, నేసేవాళ్లు, పాడేవాళ్లు వచ్చి తప్పులు పట్టాలి. వాళ్లకంటే గట్టి న్యాయనిర్ణేతలు నాకు దొరకలేదు.

అమ్మాయి ఇప్పుడు ఇంటర్ ఎంపీసీ. దసరా సెలవులకు వచ్చినప్పుడు బడికి వచ్చింది. ల్యాప్‌టాప్ ముందు ఇద్దరు ఆరో తరగతి పిల్లలు కూర్చుని హంసను నేస్తున్నారు. మెడ విరిగిపోయి ఉంది. ఆమె వెనక నిలబడి కాసేపు చూసింది. తప్పేమిటో తెలిసినట్టు నవ్వు ముఖం పెట్టింది, నేను కూడా గమనించాను. చెప్పేస్తుందేమో అనుకున్నాను. "మీ ఇంట్లో ఎవరన్నా నేస్తరా?" అని మాత్రం అడిగింది. ఒకడు లేదన్నాడు. రెండోవాడు మా నానమ్మ అన్నాడు. "అయితే ఫొటో తీస్కపోయి ఆమెకు చూపెట్టు" అని, సైకిలెక్కి వెళ్లిపోయింది.